తెలియదు అనే గడి

కాలేజీవాళ్ళు రిజిస్టరులో మూడు గడులు గీసిచ్చారు:
మగ, ఆడ, తెలియదు.
రోజుకి మూడొందలు, మధ్యాహ్నం పులిహోర పొట్లం,
ఎడమ కంటికి బూజు పట్టిన దుర్భిణీ ఒకటి.

గోగుల్లంక కాలవగట్టు మీద
మినుము పీకేసిన చేలకి ఎదురుగా కూర్చుంటాను.
నెర్రెల్లోకి జారిన గింజల కోసం గువ్వలు దిగుతాయి.
గువ్వల వెనకే, చీపురూ చేటా పట్టుకుని
కట్టా సువార్తమ్మ దిగుతుంది.
వాటిదీ ఆమెదీ ఒకటే పని. ఎవరూ ఎవర్నీ తోలరు.

ఎర్రగువ్వలతో పేచీ లేదు.
మగదానికి కాల్చిన ఇటుక ఒళ్ళు, బూడిద తల,
మెడ వెనక కాటుకతో గీసి వదిలేసిన సగం గీత.
ఆడది ఏటి ఇసుక రంగు.
బడికెళ్ళని పిల్లాడైనా చెప్పేస్తాడు.
కానీ వారం మొత్తానికి వచ్చినవి ఐదు.

మిగతావన్నీ పొడగువ్వలు.
నల్లగుడ్డ మీద నూకలు ఒలికినట్టు మెడ.
ఆ నూకలు మగదానికీ ఉన్నాయి, ఆడదానికీ ఉన్నాయి.
లెక్కపెడితే అటూ ఇటూ తేడా తేలుతుందేమో,
లెక్కపెట్టేలోపు లేచిపోతాయి.

శిక్షణ రోజున మాస్టారు చెప్పారు:
మెడ పొంగించి, వంగి వంగి దండాలు పెట్టేది మగది.
సరే, రాసుకున్నాను.
రెండో పూట, దండాలు పుచ్చుకున్న పక్షే
పక్కకి తిరిగి ఇంకోదానికి దండం పెట్టింది.
కొట్టేశాను.
నిట్టనిలువునా పైకెగిరి, రెక్కలతో చప్పట్లు కొట్టి,
తోక విప్పుకుని జారుతూ దిగేది కూడా మగదేనట.
ఎండలోకి చూసి చూసి కళ్ళు నీళ్ళు కారాయి.
దిగాక గుంపులో ఏది అదో, ఏది ఇదో.
తెలియదు. తెలియదు. తెలియదు.

"ఏం రాత్తన్నారండి అంతలా?"
చేట దించి అడిగింది సువార్తమ్మ.
చెప్పాను. నవ్వింది. పైపళ్ళు రెండు లేవు.
"రంగేం చూత్తారండి, టైం చూడండి.
అదిగో ఆ సుబాబుల్ మీద పది పుల్లల గూడు,
కింద నించుంటే గుడ్లు అగుపిత్తాయి.
పుల్ల తెచ్చేది మగదండి, పేర్చుకునేది ఆడది.
పొద్దెక్కాక పొదిగేది మగది,
పొద్దు వాలాక ఆడది. రాత్తిరంతా అదే.
పాలు మటుకు రెంటికీ పడతాయండి, గొంతులో.
ఆయ్, మగదానిక్కూడా."

దుర్భిణీ ఒళ్ళో పెట్టుకున్నాను.

మా ఇంట్లో అది తిరగబడింది.
సాయంత్రం ఆరింటికి సత్యవేణి
రొయ్యల ఫ్యాక్టరీ వ్యాను ఎక్కుతుంది.
రాత్రంతా పిల్లాణ్ణి పొదిగేది నేను.
పాలపొడి కలిపి, మణికట్టు మీద చుక్కేసి వేడి చూసి,
రెండింటికోసారి, నాలుగింటికోసారి.
వాడు నా మెడ కింద తల దూర్చి వెతుక్కుంటాడు.
ఏమీ దొరకదు. అయినా అక్కడే నిద్రపోతాడు.
"ఉద్యోగం ఆవిడది, ఉయ్యాల నీదీనా" అంటాడు మా బావ
టీకొట్టు దగ్గర, నలుగురూ ఉన్నప్పుడు చూసి మరీ.
సువార్తమ్మ లెక్కన
నన్ను ఏ గడిలో రాయాలి?

తెల్లారి ఆరున్నరకి వ్యాను లాకుల దగ్గర ఆగుతుంది.
పిల్లాణ్ణి ఎత్తుకుని ఎదురెళ్తాను.
ఐసులో నాని ముడతలు పడ్డ వేళ్ళు
వాడికి తగలకుండా, మోచేతుల మీదకి అందుకుంటుంది.
మాటలుండవు. ఉంటే, "దగ్గు తగ్గిందా?"
అంతే.

ఇవాళ సుబాబుల్ కింద నించున్నాను.
పుల్లల సందుల్లోంచి రెండు గుడ్లు, వాటి చుట్టూ ఆకాశం,
ఒక పొట్ట వాటి మీద.
పది కావస్తుండగా ఇంకోటి వచ్చి కొమ్మ మీద వాలింది.
కాసేపు పక్కపక్కనే ఉన్నాయి,
అవే కళ్ళు, అవే నూకలు,
ఆ కాసేపూ గుడ్లకి గాలి తగిలింది.
తర్వాత ఒకటి మినుము చేలోకి పోయింది,
సువార్తమ్మ చీపురుకి రెండు బారల దూరంలో దిగింది.

గడులు వదిలేసి
మార్జిన్‌లో పెన్సిలుతో రాశాను:
తొమ్మిదీ యాభై. ఒకటి లేచింది.
ఒకటి కూర్చుంది.